పాతాళంలో స్విమ్మింగ్ పూల్

ప్రళయం వస్తే ఏం తింటాం, ఎక్కడ తలదాచుకుంటాం అని బెంగపడేది చిన్నాచితకా జనం. డబ్బున్నవాళ్ళ బెంగ వేరు. లోకం మునిగాక పొద్దున్నే ఈతకు ఎక్కడికెళ్ళాలి? కుక్కని ఎక్కడ తిప్పాలి? శనివారం రాత్రి సినిమా సంగతేంటి?

ఈ బెంగ తీర్చే పుణ్యాత్ముడు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఉన్నాడు. పేరు లారీ హాల్. రష్యా మీదికి వదలడానికి అమెరికా 1960ల మొదట్లో అణుక్షిపణులు దాచుకున్న గోతుల్లో ఒకదాన్ని 2008లో 3 లక్షల డాలర్లకు కొని, దాదాపు 2 కోట్ల డాలర్లు పోసి, పదిహేను అంతస్తుల అపార్ట్‌మెంటు చేశాడు. అంతస్తులన్నీ కిందికే, ఇంచుమించు 200 అడుగుల లోతుకు. ఫ్లోరంతా కావాలంటే 30 లక్షల డాలర్లు, సగం చాలనుకుంటే 15 లక్షలు అని అమ్మకానికి పెట్టాడు. లోకాన్ని తగలబెట్టడానికి తవ్విన గొయ్యిలోనే, లోకం తగలబడితే కాపురం పెట్టొచ్చు. నిర్మాణం 2012 డిసెంబరులో పూర్తయింది. మాయన్ల లెక్క ప్రకారం యుగాంతం రావాల్సిన నెల అదే. గృహప్రవేశానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఏ సిద్ధాంతి పెట్టగలడు?

లోపల జారుడుబల్లతో సహా ఈతకొలను ఉంది. సినిమా హాలుంది. గోడ ఎక్కే ఆట ఉంది. కుక్కలు తిరగడానికి ప్లాస్టిక్ పచ్చిక ఉంది. 75 మంది అయిదేళ్ళు బతకడానికి మట్టి లేకుండా కూరగాయలు, తొట్లలో తిలాపియా చేపలు పెంచుకునే ఏర్పాటుంది. అన్నిటికంటే చూడముచ్చటైనవి కిటికీలు. భూమి అడుగున కిటికీ ఏమిటంటారా? టీవీ తెరలు. పైన ఉన్న గడ్డిమైదానం వాటిలో ప్రత్యక్షప్రసారంగా కనిపిస్తుంది. గడ్డి నచ్చకపోతే వేరే దృశ్యం పెట్టించుకోవచ్చు. న్యూయార్కు నుంచి వచ్చిన ఒక ఆవిడ తనకు సెంట్రల్ పార్కు కావాలంది. నాలుగు రుతువులూ, పగలూ రాత్రీ. ఊరికే బొమ్మ ఉంటే చాలదు, టాక్సీల హారన్లు కూడా వినపడాలి. ఈ సంగతి 2017లో న్యూయార్కర్ పత్రిక రాసింది. మనవాడెవడైనా కొనుక్కుంటే తెర మీద ఏం పెట్టమంటాడు? పంజాగుట్ట సిగ్నల్ పెట్టమనడు. కోనసీమ కొబ్బరితోట పెట్టమంటాడు. ఊరున్నన్నాళ్ళూ అక్కణ్ణుంచి పారిపోయి, తర్వాత దాన్ని గోడకు తగిలించుకోవడం మనకూ అలవాటేగా.

ఆ న్యూయార్కు ఆవిడ కోరిక మాత్రం నాకు భలే నచ్చింది. ఈ వ్యాపారం గుట్టంతా అందులోనే ఉంది. ప్రళయమంటే ఆవిడ లెక్కలో ఊరు పోవడం కాదు, ఊళ్ళో జనం పోవడం. హారన్లు ఉండాలి, హారన్ కొట్టేవాడు ఉండకూడదు. చేప ఉండాలి, బెస్తవాడితో పనిపడకూడదు.

మరి ప్రళయం మొదలయ్యాక ఆ గోతిదాకా చేరడం ఎలా? దానికీ ఏర్పాటుంది. 400 మైళ్ళ లోపు ఎక్కడున్నా సరే, తూటాలకు తట్టుకునే ట్రక్కు వచ్చి ఓనరుని ఎక్కించుకుంటుంది. సొంత విమానం ఉన్నవాళ్ళు ముప్ఫై మైళ్ళ దూరంలో ఉన్న సలైనాలో దిగొచ్చు. యుగాంతానికీ ఎయిర్‌పోర్టు పికప్ ఉందన్నమాట. 400 మైళ్ళంటే హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాకా. లోకమంతా అంటుకుని మండుతుంటే, తన పెళ్ళాంబిడ్డల్ని ఇంట్లో వదిలేసి, సారుగారిని తీసుకురావడానికి అంతదూరం బయల్దేరే డ్రైవరు ఎక్కడ దొరుకుతాడో ఎవరైనా చెబితే రాసుకుంటాను. మామూలు ఆదివారాల్లోనే దొరకడం లేదు.

నవ్వులాట కాదు, ఈ డ్రైవరు సమస్య శ్రీమంతులకూ తట్టింది. డగ్లస్ రష్కాఫ్ అనే రచయితను అయిదుగురు కుబేరులు పిలిపించుకున్నారు. టెక్నాలజీ భవిష్యత్తు మీద ఉపన్యాసం కాబోలనుకుని వెళ్ళాడాయన. వాళ్ళు అడిగింది వేరు. డబ్బుకు విలువ పోయాక మా సెక్యూరిటీ గార్డులు మా మీదికే తిరగబడకుండా ఏం చేయాలి? ఉపాయాలు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. తిండి గిడ్డంగికి తమకు మాత్రమే తెలిసిన నంబరు తాళం. గార్డుల మెడలకు క్రమశిక్షణ పట్టీలు. అదీ కుదరకపోతే మనుషులే వద్దు, రోబోలు. ఇప్పట్నుంచే ఆ గార్డుల్ని ఇంటివాళ్ళలా చూసుకోండి అని రష్కాఫ్ సలహా ఇచ్చాడు. ఆయన ఆశావాదానికి వాళ్ళకు నవ్వొచ్చిందట. 2022లో ఆయన ఇదంతా పుస్తకంగా రాశాడు.

భారతం విని ఉంటే వాళ్ళకు నవ్వొచ్చేది కాదు. సైన్యమంతా పోయాక దుర్యోధనుడు మడుగులో దాక్కున్నాడు. జలస్తంభన విద్య ఆనాటికి అందుబాటులో ఉన్న అత్యున్నత టెక్నాలజీ. నీళ్ళడుగున నిక్షేపంగా ఉన్నాడు. పట్టిచ్చిందెవరు? భీముడికి రోజూ మాంసం తెచ్చే వేటగాళ్ళు. దాహానికి గట్టుమీదికొచ్చి, అశ్వత్థామ వాళ్ళు నీళ్ళలోకి చూసి మాట్లాడుతుంటే విన్నారు. తర్వాత తొడలు విరగడం అందరికీ తెలిసిన కథే.

గొయ్యి చాలక దేశమే మార్చేద్దామనుకున్న శ్రీమంతులూ ఉన్నారు. పేపాల్ స్థాపకుల్లో ఒకరైన పీటర్ థీల్ 2011లో న్యూజిలాండ్ పౌరుడయ్యాడు. మామూలు మనిషైతే అయిదేళ్ళలో 1,350 రోజులు అక్కడ ఉండాలి. ఆయన ఉన్నది 12 రోజులు. మనవాళ్ళు గ్రీన్‌కార్డు క్యూలో తల నెరిసేదాకా నిలబడుతున్నారంటే ప్రళయభక్తి చాలకే. వనాకా సరస్సు దగ్గర స్థలం కొని, కొండ వాలులో ఒదిగేలా పెద్ద విడిది కడతానంటే, కొండల అందం చెడుతుందని 2022లో స్థానిక కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. నాగరికత కూలిపోతుందని భయపడి పారిపోతే అక్కడ పంచాయతీ ఎదురైంది! ఫేస్‌బుక్ స్థాపకుల్లో ఒకరైన మార్క్ జుకర్‌బర్గ్‌కి హవాయి దీవుల్లో 5,000 చదరపుటడుగుల భూగర్భ గది కడుతున్నారని వార్త వచ్చింది. అబ్బే, అది సెల్లార్ లాంటిదే అన్నాడాయన. హైదరాబాదు సెల్లార్లలో వాన పడితే ఏం చేరుతుందో పాపం ఆయనకు తెలీదు.

నిజంగా సమాజం కుప్పకూలితే ఎలా ఉంటుందో చూసినవాళ్ళు విశాఖలో లక్షలమంది ఉన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక కరెంటు లేదు, ఫోన్లు మోగలేదు, ఏటీఎంలు పడుకున్నాయి. ప్లాటినం కార్డున్నవాడూ రేషన్ కార్డున్నవాడూ పాలప్యాకెట్టు కోసం ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఆ క్యూలో క్రమశిక్షణ పట్టీలు ఎవరి మెడకూ లేవు. తోపులాట కాస్త ఉంది. అది మామూలు రోజుల్లోనూ ఉంటుంది.

అలాగని ఈ భయానికి తెలుగువాళ్ళు దూరమని చెప్పను. నిజానికి మనం దాని మీద బాగుపడ్డవాళ్ళం. 1999 డిసెంబరు 31 అర్ధరాత్రి కంప్యూటర్లన్నీ తిరగబడతాయని అమెరికాలో కొందరు డబ్బాల తిండి, జనరేటర్లు కొనుక్కుంటుంటే, ఆ తిరగబడేవాటిని సరిచేస్తామని మన కుర్రాళ్ళు కోబాల్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని విమానాలెక్కారు. వాళ్ళ ప్రళయభయం మనకు వీసా స్టాంపింగ్ అయింది.

ఇరవైనాలుగేళ్ళ తర్వాత ఆ భయం వడ్డీతో మన దగ్గరికే తిరిగొచ్చింది. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం నిషేధించింది. అంతే, డల్లాస్ నుంచి న్యూజెర్సీ దాకా ఇండియన్ దుకాణాల ముందు కార్లు బారులు తీరాయి. ఏడాదంతా కార్బ్స్ మానేశానని చెప్పుకునే పెద్దమనిషి కూడా రెండు చంకల్లో రెండు సోనామసూరి బస్తాలతో కనిపించే పరిస్థితి. ధర కొన్నిచోట్ల రెట్టింపైంది. కుటుంబానికి ఒక్క బస్తానే అని దుకాణాలవాళ్ళు కాగితం అంటించారు. ఆ కాగితం చూశాక ఎన్ని ఉమ్మడి కుటుంబాలు అక్కడికక్కడే, క్యూలోనే, వేరుపడి ఉంటాయో! భర్త ఒక క్యూ, భార్య ఒక క్యూ, అత్తగారు ఇంకో క్యూ, ఒకరికొకరు తెలియనట్టు మొహాలు.

పద్నాలుగు నెలలకు, 2024 సెప్టెంబరు 28న, నిషేధం ఎత్తేశారు. కరువు రాలేదు. ఈలోగా గరాజుల్లో పేర్చిన బియ్యం చక్కగా పాతబడ్డాయి. పాతబియ్యం మెతుకు పొడిపొడిగా విడుతుందని మన అమ్మమ్మలెప్పుడూ చెప్పేదే. అన్ని బస్తాలు ఒక్క ఇంట్లో చెల్లేవి కావు, పైగా పురుగు పడుతుందన్న భయం. కాబట్టి సత్యనారాయణ వ్రతాలకీ వారాంతపు విందులకీ పెద్ద గిన్నెలు పొయ్యెక్కి ఉంటాయి. పిలిచినవాళ్ళు పులిహోర లొట్టలేసుకుంటూ తిని, ఇంత మంచి బియ్యం ఎక్కడ కొన్నావు వదినా అని అడిగితే మాత్రం, ఆ ఇల్లాలు ఇంకొంచెం పాయసం వేసుకోమని మాట మార్చేసి ఉంటుంది.