పెద్దగట్టు జాతరకు వస్తదన్న ఆట

మా పోరడు పొద్దుటి నుంచి ఫోన్ ముందు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఏమైందిరా అంటే, ఆట అప్‌డేట్ అవుతోంది నాన్నా, రెండు జీబీ, అన్నాడు. ఆడకముందే ఆట బరువెక్కడం ఈ కాలంలోనే చూస్తున్నా. మా రోజుల్లో అప్‌డేట్ అంటే క్యాసెట్ బయటికి లాగి, మూతికి నోరు ఆనించి ఉఫ్‌మని ఊది, మళ్ళీ గుచ్చడమే. ఊదితే లాభం లేదనీ, నోటి తడికి లోపలి పిన్నులు తుప్పు పడతాయనీ, తీసి మళ్ళీ పెట్టడం వల్లే ఆట వచ్చేదనీ ఈ మధ్య ఎక్కడో చదివాను. రాసినవాళ్ళు రాసుకోనీ. నేను ఊదాను, ఆట వచ్చింది.

1992, 93 నాటి మాట. సూర్యాపేటలో ఓ సైకిల్ షాపు వెనక గదిలో వీడియో గేమ్ ఉండేది. రూపాయికి పావుగంట. ఆ పావుగంట గోడ గడియారంలోది కాదు, షాపాయన మనసులోది. బీడీ ముట్టిస్తే నిదానంగా నడిచేది, బయట ఇంకో పోరగాడు రూపాయి పట్టుకుని నిలబడితే పరుగు లంకించుకునేది. కరెంటు పోయిందా, రూపాయీ పోయినట్టే. ఎవరూ లొల్లి పెట్టలేదు. మీకు నెట్ ఒక్క నిమిషం ఆగితే ఇల్లు పీకి పందిరేస్తారు.

ఆ డబ్బా జపాన్ నింటెండోకు నకలు. క్యాసెట్ మీద మాత్రం తొంభై తొమ్మిది లక్షల పైచిలుకు ఆటలున్నాయని రాసి ఉండేది. నేనూ మా దోస్తూ ఒక వేసవి సెలవుల్లో లెక్కపెట్టాం. తిప్పి తిప్పి కొడితే ఏడు. అదే ట్యాంకుల ఆట ఒక పేరుతో ఒకటో మెట్టు నుంచి, ఇంకో పేరుతో ఐదో మెట్టు నుంచి మొదలయ్యేది. మోసమే అనుకో. కానీ బిడ్డా, అన్ని లక్షల ఆటలు మన సూర్యాపేటలో ఉన్నాయని నమ్మి పడుకున్న రాత్రులు నీకేం తెలుసు?

అసలు పేర్లు చదివిందెవరు? తలకు టోపీ, నడుముకు ఆకులు, పైన ఏమీ లేని ఒకాయన రాతిగొడ్డలి విసురుకుంటూ ఉరుకుతుంటాడు. దారిలో పండ్లు తినకపోతే ఓపిక తగ్గి పడిపోతాడు. మా సూర్యాపేటలో ఆయన గొడ్డలోడు. సెలవులకు ఎర్రబస్సెక్కి కోదాడలో మా మేనమామ ఇంటికి పోతే అక్కడ టోపోడు. గొడ్డలోడు అన్నానని కోదాడ పోరగాళ్ళు నన్ను పల్లెటూరి వాడిలా చూశారు. మిర్యాలగూడలో అదే ఆట పండ్లాట. ఆ సంగతి చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, పెళ్ళయ్యాక. మా ఆవిడది ఆ ఊరే. ఇంట్లోనే టీవీ గేమ్ ఉండేదట, అన్నలు ఓడినప్పుడల్లా రిమోట్ ఈమె చేతికి వచ్చేదట.

మొన్న మా పోరడు నన్ను దిద్దాడు. దాని పేరు అడ్వెంచర్ ఐలాండ్ నాన్నా, 1986లో హడ్సన్ వాళ్ళు తెచ్చారు, అదీ అసలుది కాదు, సెగా వాళ్ళ వండర్ బాయ్‌కి వేషం మార్చారు, అన్నాడు. ఆట హక్కులు తయారు చేసినవాళ్ళ దగ్గర ఉంటే, పేరూ హీరో సెగా దగ్గర ఉన్నాయట. అందుకని హీరో తల మార్చి, పేరు మార్చి అమ్మారు. మేం అరుగు మీద కూర్చుని ఊరికే చేసిన పని వాళ్ళు వకీళ్ళను పెట్టుకుని చేశారన్నమాట. మేం అన్నదమ్ములు అని పిలుచుకున్న కాంట్రా అయితే యూరప్ ఇంటి కంప్యూటర్లలో గ్రైజర్ అయింది. తర్వాత అక్కడి నింటెండోకు వచ్చేసరికి అన్నదమ్ములిద్దర్నీ రోబోలుగా మార్చి ప్రోబోటెక్టర్ అన్నారు. 1980లో జపాన్‌లో పక్ మ్యాన్‌గా పుట్టినదాన్ని, ఇంగ్లిష్‌లో మొదటి అక్షరం కాస్త గీకితే బూతవుతుందని అమెరికాలో ప్యాక్ మ్యాన్ చేశారట. గోడల మీద మన ఊరి పోరగాళ్ళ రాతలు వాళ్ళూ చూసినట్టున్నారు.

పేర్లు మార్చడం నాకు నచ్చదు. తొమ్మిదో నంబరు హైవేను అరవై ఐదు చేశారు, నేనింకా తొమ్మిదే అంటాను. 2016లో జిల్లాలు విడదీస్తే నేనూ కోదాడ మామా సూర్యాపేట జిల్లాలోకి వచ్చాం, అత్తగారి ఊరు నల్లగొండలోనే ఉండిపోయింది. ఇందులో నాకు పెద్ద నష్టం లేదనుకో.

ఇక రాని ఆటల సంగతి. మారియో తర్వాతి భాగం ఎప్పుడొస్తదన్నా అని అడిగితే మా షాపాయన తల కూడా ఎత్తకుండా, పెద్దగట్టు జాతరకు వస్తది, అనేవాడు. దురాజ్‌పల్లి లింగమంతుల స్వామి జాతర రెండేళ్ళకోసారి కదా. ఎంత తెలివైన వాయిదా! రెండు జాతరలు ఎదురుచూశాను. వచ్చింది మారియో తల అతికించిన వేరే ఎవరిదో ఆట.

ఇంగ్లండులో లివర్‌పూల్‌లో ఇమాజిన్ అని ఒక కంపెనీ స్పెక్ట్రమ్ కంప్యూటర్ కోసం బ్యాండర్‌స్నాచ్ అనే మహా ఆట వస్తోందని పత్రికల్లో ప్రకటనలు గుప్పించింది. 1984 జులైలో కంపెనీయే మూతపడింది, బీబీసీ వాళ్ళు సినిమా తీస్తుండగానే. ఆ స్పెక్ట్రమ్‌నే 1988లో మన దేశంలో డీబీ స్పెక్ట్రమ్ అని అమ్మారు. హైదరాబాద్‌లో మా చిన్నాన్న ఇంట్లో చూశాను. టేప్‌రికార్డర్ కీచుమంటూ ఐదు నిమిషాలు ఏడ్చాక ఆట వచ్చేది, లేదా రాకపోయేది. నింటెండో వాళ్ళ స్టార్ ఫాక్స్ 2 కూడా అంతే. 1995లోనే తయారై పెట్టెలో పడుకుని, 2017లో బయటికొచ్చింది. ఇరవై రెండేళ్ళు. పదకొండు పెద్దగట్టు జాతరలు! మా షాపాయన అబద్ధమాడాడని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను, పాపం.

ఇంతా చెప్పాక మా పోరడు ఫోన్‌లో ఆ పాత ఆటను వెతికి పట్టి నా చేతికిచ్చాడు. మొదటి నత్తకే చచ్చాను. రెండోసారీ నత్తే. గాజుపలక మీద బటన్ బొమ్మ వేస్తే వేలికేం తెలుస్తుందిరా అన్నాను. వాడు ఫోన్ తీసుకుని, దీన్ని ఏ పేరుతో పెట్టుకుందాం అన్నాడు. గొడ్డలోడు అని పెట్టు అన్నాను. వంటింట్లోంచి ఒక్క కేక వచ్చింది.

పండ్లాట అని పెట్టాడు.