నర్సమ్మకు ఎక్కడ అంటుకుంది?

కోవిడ్ వార్డులో నెల రోజులుగా డ్యూటీ చేస్తున్న నర్సుకు కోవిడ్ వచ్చింది. ఎక్కడ అంటుకుందో కనిపెట్టాలి. మీరూ నేనూ అయితే వార్డు వైపు చూస్తాం. అందుకే మనల్ని విచారణ కమిటీల్లో వేయరు.

కమిటీ ప్రశ్నలు వేరు. ఏమ్మా, కూరగాయలకు ఎవరు వెళ్లారు? ఆడపడుచు వచ్చి వెళ్లిందా? షేర్ ఆటో ఎక్కావా? టీ తాగేటప్పుడు మాస్కు తీశావా? 'తీసే తాగాను సార్' అన్న మరుక్షణం ఫైలు మూతపడుతుంది. ఒక ఎన్-95ను ఎన్ని రోజులు వాడించారు, టీ గదికి కిటికీ ఉందా అనే ప్రశ్నలకు ఫారంలో గడి ఉండదు.

పొగ ఉంటే నిప్పు ఉంటుందన్నారు మన తార్కికులు. కమిటీవాళ్లు నిప్పు పక్కనే నిలబడి, పొగ మీ వంటింట్లోంచి వచ్చిందంటారు. 2020 మే 15 నాటి కేంద్ర ఆరోగ్యశాఖ సలహాపత్రం ప్రకారం క్వారంటైన్ అధిక ముప్పు ఉన్నవాళ్లకే. పీపీఈ కిట్ లేకపోయినా, వేసుకున్నదాంట్లో లోపం జరిగినా అధిక ముప్పు. ఇక కమిటీకి పని సులువు. కిట్ సరిగ్గా వేసుకుంటే సోకదు, నీకు సోకింది, కనుక సరిగ్గా వేసుకోలేదు! జూన్‌లో కేంద్రం సుప్రీంకోర్టుకే చెప్పింది: తమను తాము కాపాడుకునే అంతిమ బాధ్యత ఆరోగ్య సిబ్బందిదేనని. వంతెన కూలితే ఈత రాకపోవడం ప్రయాణికుడి తప్పన్నమాట.

మాస్కులు చాలడం లేదని నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరు 2020 ఏప్రిల్‌లో నోరు విప్పారు. అడిగింది మాస్కు, అందింది సస్పెన్షన్ ఆర్డరు.

పోనీ, ఎంతమంది సిబ్బందికి సోకింది, ఎంతమంది పోయారు? ఆరోగ్యం రాష్ట్రాల అంశం, ఆ లెక్క మా దగ్గర ఉండదని సెప్టెంబరులో రాజ్యసభకు కేంద్రం జవాబు. చనిపోయిన 382 మంది డాక్టర్ల జాబితాను ఇండియన్ మెడికల్ అసోసియేషన్ బయటపెట్టాల్సి వచ్చింది. మార్చి 22న పళ్లేలు మోగించమన్నప్పుడు, మే 3న హెలికాప్టర్లలోంచి ఆసుపత్రుల మీద పూలు చల్లినప్పుడు ఆరోగ్యం రాష్ట్రాల అంశమని ఎవరికీ గుర్తు రాలేదు.

అంటుకున్న చోటును ఆసుపత్రి బయటే వెతకడం మన ఒక్కరి విద్యే అనుకుని గర్వపడకండి. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలోనూ సిబ్బందిలో పనిచోట అంటుకున్నది పది పదిహేను శాతానికేనని మొదట చెప్పారు. 2020 ఆగస్టులో కేసులు మళ్లీ తిరగేస్తే, రెండో అలలో కనీసం 69 శాతం మందికి పనిచోటే సోకిందని తేలింది. వైరస్ దారి మార్చుకోలేదు, వెతికేవాళ్లు ఆసుపత్రి గేటు లోపలికి వచ్చారంతే.

మన నర్సమ్మ కేసూ తేలింది లెండి. లాక్‌డౌన్ మొదలైన రోజు నుంచి గడప దాటని మామగారికి, కోడలికి వచ్చిన వారానికి జ్వరం తగిలింది. కమిటీ ఊపిరి పీల్చుకుంది. 'ఇంట్లోనే ఇంకో కేసు ఉందిగా! మూలం దొరికింది.'