మంథని పెద్దలు వద్దనే సలహాలు

మంథని, రామగిరి, కమాన్‌పూర్ ఊళ్ల నుంచి సింగరేణి బొగ్గు గనుల్లో కాంట్రాక్టు పనికి పోయే పిల్లలకు ఇంట్లో చెప్పేది ఒకే మాట: ‘తల వంచుకొని పని చేసుకో బిడ్డా, ఎవరితోనూ పెట్టుకోకు.’ ప్రేమతోనే చెబుతారు. నేను మాత్రం దానికి ఎదురు చెబుతున్నాను. కింద రాసినవన్నీ పెద్దలకు తలతిక్కగా, పని పోగొట్టే సలహాల్లా కనిపిస్తాయి. తెలిసే రాస్తున్నాను.

మీ మస్టర్ (హాజరు) మీరే రాసుకోండి. సూపర్‌వైజర్ రాస్తున్నాడు కదా అని ఊరుకోవద్దు. వంద పేజీల నోటుబుక్ ఒకటి కొని రోజుకో వరుస రాయండి: తేదీ, షిఫ్టు, పని చేసిన చోటు, దిగిన టైం, ఎక్కిన టైం, పక్కన ఎవరున్నారు, నడిపిన బండి నెంబరు. నాగా పెడితే నాగా అనే రాయండి. తనకు నష్టమైన రోజును కూడా దాచకుండా రాసుకున్నవాడి పుస్తకాన్నే అధికారి నమ్ముతాడు. ప్లేడే (వారపు సెలవు రోజు పని) చేస్తే ఎర్ర ఇంకుతో రాయండి. నెల చివర జీతం చీటీ ఇవ్వమని అడిగి, ఆ పేజీకే పిన్ను కొట్టి పెట్టుకోండి. చీటీ ఇవ్వడం చట్టం, అడిగితే చేసే మేలు కాదు. బాయి (గని) లోపల పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. అది దాటితే ఓవర్‌టైం, దానికి రేటు రెట్టింపు. ‘ఇంకో అరగంట ఉండు, బండి రాలేదు’ అని ఆపిన ప్రతి అరగంటా ఆ పుస్తకంలో ఉండాలి. నెలకు పదిహేను అరగంటలు పోతే దాదాపు ఒక మస్టర్ పోయినట్టే.

ఏటీఎం కార్డు ఎవరి చేతికీ ఇవ్వకండి. జీతం బ్యాంకులో పడినట్టు చూపించి, తర్వాత కొంత నగదు వెనక్కి అడిగేవాళ్లున్నారు. ‘పని ఇచ్చినాయన ముఖం చూడాలి కదా’ అంటారు ఇంట్లో. చూడక్కర్లేదు. గనిలో కనీస వేతనం నిర్ణయించేది కేంద్రం. దాని కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. ఆ రెండు తేదీల తర్వాత మీ చీటీలో అంకె మారిందో లేదో చూసుకోండి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే ఆ జీతం కట్టాల్సింది ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే గని యాజమాన్యం.

బకాయి కోసం లీడర్ ఇంటికి పోకండి. మన దగ్గర ఇది మింగుడుపడని సలహా. 1957 నుంచి 1977 దాకా పీవీ నరసింహారావును అసెంబ్లీకి పంపిన నియోజకవర్గం ఇది. పెద్దాయన ఒక మాట చెబితే పని అయిపోతుందనే నమ్మకం ఇక్కడ తరాల నాటిది. కానీ లీడర్ దగ్గర తెగేది పంచాయితీ. పంచాయితీలో నాలుగు నెలల జీతం రెండు నెలలదవుతుంది, దాని మీద సంతకం కూడా పెట్టిస్తారు. జిల్లా లేబర్ ఆఫీసుకు పోయినా దారి తప్పినట్టే. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నా, గని కార్మికుడి విషయంలో చట్టం అమలు చేసేది కేంద్రం. రైస్‌మిల్లులో జీతం ఆగితే రాష్ట్ర కార్మిక శాఖ, బాయిలో ఆగితే కేంద్ర కార్మిక శాఖ అసిస్టెంట్ లేబర్ కమిషనర్. ఈ ఒక్క తేడా తెలియక ఏళ్లకేళ్లు తిరిగేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది.

టెండర్ మారినప్పుడల్లా పీఎఫ్ తీసేయకండి. కాంట్రాక్టర్ మారతాడు, పని అదే, చోటు అదే. ‘పాతది తీసుకో, కొత్తది మొదలుపెడదాం’ అని ఏజెంట్లు చెవిలో ఊదుతారు. పెళ్లి ఖర్చో, బండి కిస్తీయో గుర్తొచ్చి సంతకం పెట్టేస్తాం. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. మధ్యలో పెన్షన్ సొమ్ము కూడా తీసేస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి. కొత్త ఖాతాను పాత పీఎఫ్ నెంబరు మీదికే మార్పించుకోండి.

యూనియన్‌లో చేరండి, ఇంట్లో తిట్టినా సరే. 2022 సెప్టెంబర్‌లో కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగినప్పుడు పని పోతుందని భయపెట్టనివారు లేరు. 2024 దసరాకు పర్మినెంట్ కార్మికుడికి లాభాల్లో వాటా సగటున 1.90 లక్షలు వస్తే, కాంట్రాక్టు కార్మికుడికి మొట్టమొదటిసారి 5,000 ఇచ్చారు. అదే దుమ్ము పీల్చినవాడికి ఐదు వేలేనా అని నాకు కోపమే వచ్చింది. కానీ అప్పటిదాకా అసలు లెక్కలోనే లేనివాళ్ల పేరు లాభాల వాటా ప్రకటనలో చేరింది. అది తల వంచుకుంటే చేరేది కాదు.

చివరగా, అసిస్టెంట్ లేబర్ కమిషనర్‌కు పెట్టే దరఖాస్తు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం వేతన బకాయిని మూడేళ్ల దాకా అడగవచ్చు. జీతం ఇచ్చేశామని రుజువు చేయాల్సింది యజమాని. పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో రావాల్సిన జీతం చేతికి రావాలి. తెలుగులోనే ఒక పేజీ రాయండి: మీ పేరు, గని పేరు, కాంట్రాక్టర్ పేరు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎంత రావాలి. నోటుబుక్ పేజీల జిరాక్సులు జత చేయండి. అసలు పుస్తకం ఎవరు అడిగినా ఇవ్వొద్దు. రెండో కాపీ మీద తేదీతో ఆఫీసు స్టాంపు వేయించుకొని తెచ్చుకోండి. స్టాంపు వేయం, పెట్టి వెళ్లు అంటే అదే రోజు స్పీడ్ పోస్టు చేసి రసీదు నోటుబుక్‌లో పెట్టుకోండి.