అట్ట వెనక పేర్లు: ఒక జాజ్ రికార్డు ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది ఒక ఎల్పీ రికార్డు. మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’కు 1959లో అచ్చయిన ప్రతి అది. నల్లటి వినైల్, 12 అంగుళాల వెడల్పు, నిమిషానికి 33 చుట్ల పైచిలుకు వేగం. గాడిలో ఉన్న సంగీతం ఏడుగురిది కాబట్టి ఇందులో ‘నేను’ అన్న మాట రాదు. చెప్పేది మాత్రం ఆ రికార్డే.

దాని పుట్టుక వెనక ఉన్నది రెండు రోజుల పని. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్ 30వ వీధిలో, ఒకప్పుడు చర్చిగా ఉన్న ఎత్తైన కప్పు స్టూడియోలో ఐదు రచనలు టేపుకెక్కాయి. టేపు మీది శబ్దాన్ని మెత్తటి పూత పూసిన అల్యూమినియం పళ్లెంలో గాడిగా చెక్కుతారు. దానికి వెండి పూత పూసి, విద్యుత్తుతో నికెల్ పొర కట్టించి ఎదురచ్చు తీస్తారు. ఆ ఎదురచ్చు నుంచి మళ్లీ అచ్చు, దాన్నుంచి ముద్ర కొట్టే దిమ్మ. చివరికి వేడి వినైల్ ముద్దను రెండు దిమ్మల మధ్య పెట్టి ఆవిరి వేడితో నొక్కుతారు. మధ్యలోని కాగితం లేబుల్ కూడా ఆ నొక్కుడులోనే అతుక్కుంటుంది, జిగురు అక్కర్లేదు. ఒక్కో వైపు ఉండేది ఒకే ఒక్క గాడి. ఈ రికార్డు మొదటి వైపు దాదాపు 25 నిమిషాలు మోగుతుంది. అంటే 800కు పైగా చుట్లు. ఆ గాడిని తిన్నగా పరిస్తే అర కిలోమీటరు దారి.

ఎల్పీకి ముందు తరం 78 వేగపు ప్లేట్లది. వాటిలో కలిసే లక్క చాలావరకు భారతదేశపు అడవుల నుంచే వెళ్లేది. 10 అంగుళాల ప్లేటులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాలే కాబట్టి జాజ్ విద్వాంసులు తమ మనోధర్మాన్ని ఆ మూడు నిమిషాల్లోనే ఇమిడ్చేవారు. 1948లో ఎల్పీ వచ్చాక ఆ కట్టు తెగింది. ఈ రికార్డులోని మొదటి రచన ‘సో వాట్’ తొమ్మిది నిమిషాలు దాటుతుంది. పాత ప్లేట్ల కాలంలో అలాంటిది ఒకే వైపు పట్టించే వీల్లేదు.

పుట్టుకతో వచ్చిన లోపాలు రెండున్నాయి. మార్చి 2న ఒక టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరైన వేగంలో ఆడించి గాడి చెక్కడంతో మొదటి వైపు శ్రుతి రవ్వంత పైకి జరిగిపోయింది. ఇక రెండో వైపు రచనల పేర్లు తొలి ముద్రణల్లో తారుమారయ్యాయి. 1990ల్లో వచ్చిన పునర్ముద్రణల్లో వేగాన్ని సరిచేశారు. అందుకే కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు తొలి ముద్రణ కోసం వేలం పాటల వెంట పడనక్కర్లేదు. వినడానికి సరిచేసిన ప్రతే మేలని ఈ పాత ప్రతే ఒప్పుకుంటుంది.

మొదటి యజమాని ఇంట్లో అది చాలా మోగింది. అక్కడి బరువైన ముల్లు గాడిని కొంత అరగదీసింది కూడా. ఆ తర్వాత పాత రికార్డుల దుకాణంలో ఒక అట్టపెట్టెలో ఏళ్లు గడిచాయి. ఇప్పుడది న్యూజెర్సీలోని ఎడిసన్ ఊళ్లో, ఒక తెలుగు కుర్రాడి అల్మారాలో నిలబడి ఉంది. 1877లో థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌ను కనిపెట్టిన మెన్లో పార్క్ ఈ ఊళ్లోనే ఉంది. దాచిన శబ్దాన్ని మళ్లీ వినిపించడానికి పుట్టిల్లు అదే.

అతని దగ్గర అప్పటికి ఇదొక్కటే జాజ్ రికార్డు. రాజమండ్రి నుంచి వచ్చిన అతని తల్లి, చిన్నప్పుడు వీణ నేర్చుకున్నావిడ, వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి రెండు నిమిషాలు నిలబడి వింది. “ఏరా, ఇవి ఖరహరప్రియ స్వరాలే కదూ?” అంది. ఆవిడ చెప్పింది నిజం. ‘సో వాట్’కు ఆధారం డోరియన్ అనే స్వరవరుస. దాని స్వరాలు ఖరహరప్రియవే. నాలుగు దెబ్బల ఆవర్తాలు 32. మొదటి 16 ఒక షడ్జం మీద, తర్వాతి 8 అర మెట్టు పైకి జరిగిన షడ్జం మీద, చివరి 8 మళ్లీ మొదటి చోట. వాయించేవారు ఆ చట్రంలో తిరుగుతూ అప్పటికప్పుడు అల్లుకుపోతారు. రాగాలాపన విన్న చెవికి జాజ్‌లోకి ఇంతకన్నా దగ్గర వాకిలి లేదు.

రెండోది ఏది కొనాలన్న ప్రశ్నకు జవాబు అట్ట వెనకే ఉంది. అక్కడ వాద్యగాళ్ల పేర్లుంటాయి. వంద గొప్ప ఆల్బమ్‌ల జాబితా పెట్టుకుని ఒకేసారి కొంటే సగం వినకుండానే మిగిలిపోతాయి. ఒక్కో పేరు పట్టుకుని వెళ్తే ప్రతి రికార్డులోనూ తెలిసిన గొంతు ఒకటి పలకరిస్తుంది.

ఆల్టో శాక్సఫోన్ వాయించిన కానన్‌బాల్ ఆడర్లీ పేరు ‘సమ్‌థిన్ ఎల్స్’ దగ్గరికి తీసుకెళ్తుంది. 1958 నాటి ఆ రికార్డులో నాయకుడు ఆడర్లీ, పక్క వాద్యం మైల్స్ డేవిస్‌ది. రెండో కొనుగోలుకు అది చాలు.

పియానో బిల్ ఎవాన్స్‌ది. ఆయన దారిలో దొరికేది ‘వాల్ట్జ్ ఫర్ డెబ్బీ’. 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో జనం ముందు రికార్డు చేసింది అది. చెవి పెట్టి వింటే పియానో వెనక గ్లాసులు తగిలిన చప్పుడు, బల్లల దగ్గరి గుసగుసలు వినిపిస్తాయి. బేస్ వాయించిన స్కాట్ లఫారోకు అప్పటికి పాతికేళ్లు. ఆ తర్వాత 11 రోజులకే కారు ప్రమాదంలో పోయారు. బేస్ కేవలం తాళం పట్టకుండా పియానోతో మాట కలపడం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఈ రికార్డును మించింది లేదు.

టెనర్ శాక్సఫోన్ జాన్ కోల్ట్రేన్‌ది. ఆయన ‘ఎ లవ్ సుప్రీమ్’ను మూడోదిగానో నాలుగోదిగానో కొనాలి. మొదటే కొంటే దాని తీవ్రత కొత్త చెవికి బరువవుతుంది. 1964 డిసెంబరు 9న, న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో పూర్తయిన నాలుగు భాగాల ప్రార్థన అది. మొదటి భాగంలో బేస్ పలికే నాలుగు స్వరాల పల్లవే తర్వాత గొంతుల్లో నామజపంగా మారుతుంది. చివరి భాగంలో కోల్ట్రేన్ తాను రాసి అట్ట మీద అచ్చువేయించిన ప్రార్థనను మాటమాటకూ శాక్సఫోన్‌లో పలికిస్తారు, నాదస్వరంలో సాహిత్యం పలికించినట్టు. ఆయన భార్య ఆలిస్ కోల్ట్రేన్ తర్వాతి కాలంలో పుట్టపర్తి సత్యసాయిబాబాకు భక్తురాలయ్యారు. తంబురా శ్రుతి మీద సాగే ఆమె ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ (1971) కూడా అదే వరసలో కొనదగ్గది.

మనుషుల పేర్లే కాదు, స్టూడియో కూడా దారి చూపిస్తుంది. ఆ 30వ వీధి గదిలోనే, అదే 1959లో, మరో రెండు గొప్ప రికార్డులు పుట్టాయి. ఒకటి చార్ల్స్ మింగస్ ‘మింగస్ ఆ ఉమ్’. ఆ మార్చిలో చనిపోయిన శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్‌కు నివాళిగా మింగస్ కట్టిన నెమ్మది బాణీ అందులో ఉంది. రెండోది డేవ్ బ్రూబెక్ బృందం ‘టైమ్ అవుట్’. ఈ బృందం 1958లో భారతదేశంలోనూ కచేరీలు చేసింది. పాల్ డెస్మండ్ రాసిన ‘టేక్ ఫైవ్’ ఐదు దెబ్బల తాళంలో నడుస్తుంది. ఖండచాపులో తక తకిట అని 2, 3గా విరిగే ఐదు ఇక్కడ తకిట తక అని 3, 2గా విరుగుతుంది. తెలుగు కుర్రాడు తొడ మీద చేత్తో తాళం వేస్తూ రెండో ఆవర్తంలోనే దాన్ని పట్టేశాడు.

వెనక్కి కూడా వెళ్లాలి. 1925 నుంచి 1928 వరకు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందాలతో చేసిన ప్లేట్లు ఇప్పుడు సంకలనాలుగా దొరుకుతాయి. ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ ఆరంభంలో ఆయన ట్రంపెట్ ఒంటరిగా పలికే ఆ కొన్ని సెకన్లు వినకుండా జాజ్ సేకరణ పూర్తికాదు. గొంతు పాట కావాలంటే ఆయనే ఎల్లా ఫిట్జెరాల్డ్‌తో పాడిన ‘ఎల్లా అండ్ లూయీ’ (1956) ఉంది. ఆర్నెట్ కోల్‌మన్ వంటివారి స్వేచ్ఛా జాజ్‌ను మాత్రం ఏడాది ఆగి కొనడం మంచిది.

అట్ట వెనక ఇంకా మిగిలినవి మూడు పేర్లు: ఒక్క రచనకే పియానో వాయించిన వింటన్ కెల్లీ, బేస్ పాల్ చేంబర్స్, డ్రమ్స్ జిమ్మీ కాబ్. ఈ ముగ్గురూ 1965లో వెస్ మాంట్‌గోమరీ గిటార్‌తో చేసిన ‘స్మోకిన్ ఎట్ ది హాఫ్ నోట్’ కొన్నాక మళ్లీ ఈ రికార్డును తిప్పి వినాలి. ‘సో వాట్’లో మైల్స్ డేవిస్ ట్రంపెట్ వంతు మొదలయ్యే క్షణాన కాబ్ సింబల్‌ను ఒక్క దెబ్బ కొడతారు. ఆ మోత గది కప్పుదాకా వెళ్లి నెమ్మదిగా ఆరిపోతుంది. ముల్లు ఎంత అరగదీసినా ఈ ప్రతిలో ఆ దెబ్బ చెక్కుచెదరలేదు. ఆ ఏడుగురిలో చివరిదాకా మిగిలింది జిమ్మీ కాబే. ఆయన 2020 మే 24న కన్నుమూశారు.