రీబ్యాలెన్స్ మీట

ఇప్పుడు ఇల్లు పుట్టకముందే దాని కరెంటు లెక్క పుట్టేస్తోంది. గోడ లేదు, గాడి కొట్టలేదు, ఏసీ ఏ గదిలో పెట్టాలన్న మొగుడూపెళ్ళాల పేచీ ఇంకా తెగలేదు. ప్యానెల్ షెడ్యూల్ మాత్రం గళ్ళూ గీతలతో సిద్ధం.

మా మనవడు విశాఖలో రెవిట్ సాఫ్ట్‌వేరు మీద ఈ పనే చేస్తాడు. సిరిమాను చూద్దామని విజయనగరం వచ్చి, పండగ వదిలేసి అరుగు మీద లాప్‌టాప్‌తో కుస్తీ పడుతున్నాడు.

"ఏట్రా బావూ?" అన్నాను.

"లైటు డీబీకి కలవట్లేదు తాతా. లిస్టులో డీబీ పేరే రావట్లేదు."

డీబీకి, అంటే డిస్ట్రిబ్యూషన్ బోర్డుకి, ముందు డిస్ట్రిబ్యూషన్ సిస్టమ్ చెప్పాలట. ఒక ఫేజా మూడా, తీగలెన్ని, వోల్టేజీ ఎంత అని. అది చెప్పకపోతే డీబీ గోడ మీద ఉత్త రేకు డబ్బాయే. చెప్పాడు, అయినా రాలేదు. తీరా చూస్తే ఆ లైటు బొమ్మ అమెరికావాడు గీసినది, 120 వోల్టులది. మనది 415/240. కలపనివ్వకపోవడం న్యాయమేలెండి. నేను వైరింగ్ మేస్త్రీగా ఉన్నప్పుడు మా దగ్గర అలాంటి పని చేసిన కుర్రాడికి బల్బు పేలి బుద్ధొచ్చేది.

అది అయ్యాక షెడ్యూలు నమూనా తెరిచాడు. ఎడమ పక్క బేసి నంబర్లు, కుడి పక్క సరి నంబర్లు, ఎ, బి, సి ఫేజులు, మొత్తం 42 గళ్ళు. అమెరికావాళ్ళ డబ్బాల్లో బ్రేకర్లు అలాగే రెండు వరసల్లో ఉంటాయి. మన టీపీఎన్ డీబీ సంగతి వేరు. నాలుగు వే, ఆరు వే, ఎనిమిది వే అంటాం. ఒక్కో వేకీ ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులూ ఉంటాయి. ఆరు వే అంటే 18 ఎంసీబీలు. మన పద్ధతిలో రావాలంటే నమూనా మార్చుకోవాలి.

"మీ ఆఫీసులో ఎవరూ మార్చలేదా?"

"మార్చార్లే తాతా. అది ఆఫీసు మెషీన్లో ఉండిపోనాది."

మా రోజుల్లో ఈ నమూనాలేవీ లేవు. మా గురువు, మాచ్‌ఖండ్‌ జలవిద్యుత్ కేంద్రంలో 1955లో కరెంటు మొదలయ్యాక టేకు పట్టీల మీద తీగలు కొట్టినవాడు. ఆయన దగ్గర లెక్క నోటికి రావలసిందే. అప్పటి ఐఎస్ 732 ప్రకారం లైటుకి 60 వాట్లు, ఫ్యానుకి 60, చిన్న ప్లగ్గుకి 100, పవర్ ప్లగ్గుకి 1000. లైటు సర్క్యూట్‌లో పది పాయింట్లు మించకూడదు, 800 వాట్లు దాటకూడదు. పవర్ సర్క్యూట్‌కి రెండే ప్లగ్గులు. ఓనరు ఒక గది పెంచాడంటే ట్రేసింగ్ కాయితం బ్లేడుతో గీకి, కూడికలన్నీ మళ్ళీ మొదలు.

ఈ కూడికల విషయంలో సాఫ్ట్‌వేరుకి దణ్ణం పెడతాను. ఒక ఏసీ మారిస్తే డీబీ లోడూ, దాని పైనున్న మెయిన్ ప్యానెల్ లోడూ అప్పటికప్పుడు మారతాయి. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ యంత్రాలు, నీటి శుద్ధి, ఏసీలు ఉండే అలాంటి భవనానికి చేతిలెక్క వేయమంటే నేనూ దండం పెట్టి లేచిపోతాను.

నా గొడవంతా ఆ రీబ్యాలెన్స్ మీటతో. నొక్కితే చాలు, మూడు ఫేజుల లోడూ సమం చెయ్యడానికి సర్క్యూట్లు చోట్లు మారిపోతాయి. కాయితం మీద సమానమే. సైట్లో తీగలు లాగి నంబర్లు కట్టేసిన మేస్త్రీకి ఎవడు చెప్తాడు? సర్క్యూట్ కదలకుండా తాళం వేసే ఏర్పాటు ఉందట, వేసేవాడేడీ? పైగా ఆ మీటకి వాట్లు తెలుసు గానీ వేళ తెలీదు. మే నెల రాత్రి మూడు పడకగదుల ఏసీలూ ఒక్కసారే నడుస్తాయి, కాబట్టి వాటిని మూడు ఫేజుల మీద పెడతాం. నీళ్ళ మోటారుది పొద్దుటి పని, గ్రైండరుది మధ్యాహ్నం. ఆ ఇంట్లో నాలుగు రోజులు మసిలిన మేస్త్రీకి ఇవన్నీ ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే మా రోజుల్లో షెడ్యూలు చివర రాసేవాళ్ళం. మెగ్గరు పెట్టి ఇన్సులేషన్ చూసుకుని, కరెంటిచ్చి, ఒక్కొక్కటీ వేసి ఆర్పి, అప్పుడు తలుపు లోపల అంటించేవాళ్ళం: ఆర్-1 హాలు, వై-1 వంటిల్లు. ఇప్పుడు షెడ్యూలు ముందు పుడుతుంది. ఆ తర్వాత ఇంట్లో పది మార్పులు జరుగుతాయి, ఒక్కటీ దాన్లోకి ఎక్కదు.

"మరి డీబీలో ఏటి అంటిస్తారు?" అనడిగాను.

"పీడీఎఫ్ క్లౌడ్లో ఉంటాది తాతా."

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడ్డాయి, ఫోన్లూ మూగపోయాయి. కరెంటు తిరిగొచ్చేనాటికి గోడలింకా తడి. ఏ సర్క్యూట్ ఏ గదిదో చూసుకుని, తడి వైపువి దింపేసి మిగతావి ఎత్తాలి. ఆ పూట క్లౌడ్ తెరిచేదెవరు?

"అలగయితే ప్రింటు తీసిస్తాన్లే" అన్నాడు. తీశాడు కూడా. ఎ3 కాయితం. డీబీ తలుపేమో జానెడు.