ఆ పాట నాది కాదు

నా పేరు టీబీ-303, నేనొక బేస్ సింథసైజర్‌ని. రోలాండ్ కంపెనీ నన్ను 1981లో జపాన్ నుంచి మార్కెట్లోకి దించింది, 1984కల్లా నా తయారీ ఆపేసింది. ఆ కాస్త కాలంలో నా పేరుతో సుమారు 10 వేల పెట్టెలు బయటికొచ్చాయి. వాటన్నిటి తరఫునా నేను మాట్లాడుతున్నాను. డాన్స్ సంగీతం చరిత్ర చెప్పేవాళ్లు నా గురించి ఒక మాట ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎత్తిరాస్తూ వస్తున్నారు. షికాగోలో 1987లో బయటికొచ్చిన ‘యాసిడ్ ట్రాక్స్’ అనే రికార్డుతో యాసిడ్ హౌస్ అనే సంగీతం పుట్టిందట, అది ఈ మిషన్ చలవేనట, అదీ పొరపాటున జరిగిందట. ఆ రికార్డు చేసింది ఫ్యూచర్ అనే ముగ్గురు కుర్రాళ్ల బృందం: డీజే పియర్ అని లోకం పిలిచే నథానియల్ పియర్ జోన్స్, స్పాంకీ అని పిలిచే ఎర్ల్ స్మిత్, హెర్బ్ జె అని పిలిచే హెర్బర్ట్ జాక్సన్. నన్ను ఎంత పైకెత్తితే వాళ్ల పని అంత చిన్నదైపోతోంది. నాది కాని గొప్పను నా నెత్తిన పెడుతున్నారు కాబట్టి, అది ఎవరిదో చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

ముందు నా సంగతి. నా నమూనా గీసినవారు తదావో కికుమోతో అనే ఇంజనీరు. ఒంటరిగా సాధన చేసుకునే గిటారిస్టుకు బేస్ వాయించే మనిషి లేని లోటు తీర్చడం నాకు అప్పగించిన పని. డ్రమ్స్ లోటు తీర్చడానికి టీఆర్-606 అనే జోడీని కూడా ఇచ్చారు. ఆ పని నా వల్ల కాలేదు. నా గొంతు ఏ కోశానా బేస్ గిటార్‌లా ఉండదు. పైగా నాతో ఒక చిన్న వరుస వాయించాలన్నా స్వరాలు ఒకసారి, వాటి కాలప్రమాణం ఇంకోసారి విడివిడిగా ఎక్కించాలి. కొన్నవాళ్లు విసిగిపోయి నన్ను అటకెక్కించారు, లేదా వచ్చినకాడికి అమ్ముకున్నారు. నేను సెకండ్‌హ్యాండ్ షాపుల్లో, తాకట్టు దుకాణాల్లో తేలాను. అమ్మినవాళ్ల మీద నాకు కోపం లేదు. బ్యాటరీలు తియ్యకుండా మూలన పడేసినవాళ్ల మీద మాత్రం ఇప్పటికీ ఉంది. నా అడుగున నాలుగు బ్యాటరీలు పడతాయి. కరెంటు తీసేసినా నాకు ఎక్కించిన వరుసలు చెరిగిపోకుండా కాపాడేవి అవే. వాటిని ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే రసం కారి, రేకులు తుప్పుపట్టి, తెల్లగా పొక్కులు లేస్తాయి. నా ఒంటి వెండిరంగు ప్లాస్టిక్ మీద గీతలు పడ్డా నేను పాడగలను. ఆ రేకులు తినేస్తే నాకు ఏదీ గుర్తుండదు. ఎవరో గంటలు కూర్చుని ఎక్కించిన వరుస పోయి, దాని చోట ఎవరూ రాయని స్వరాలు వచ్చి కూర్చుంటాయి. ఎన్ని ఇళ్లలో నా సోదర పెట్టెలు ఇలా మతి చెడి పడి ఉన్నాయో!

పొరపాటు కథకు మూలం కూడా ఇదే. స్పాంకీ నన్ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఆన్ చేసేసరికి నా లోపల ఏదో వరుస అప్పటికే తిరుగుతోందని ఆ బృందమే చెప్పింది. అక్కడ పియర్ చేసిందేమిటో దగ్గర్నుంచి చూడాలి. నా పైవరుసలో ఆరు చిన్న నాబ్‌లున్నాయి. కటాఫ్ అనేదాన్ని ఎడమకు తిప్పితే స్వరంలోని పదును అంతా కోసుకుపోయి అడుగు మోత మాత్రం మిగులుతుంది, కుడికి తిప్పితే పదును మళ్లీ బయటికొస్తుంది. రెజొనెన్స్ పెంచితే ఆ కోత పడే చోటే స్వరం కీచుమంటుంది. రెండూ కలిపి మెల్లగా కదిపితే అదే స్వరాల వరుస, మనిషి నోరు తెరుస్తూ మూస్తూ అచ్చులు పలికినట్టు రూపం మారుతూ పోతుంది. పియర్ ఆ నాబ్‌లు తిప్పుతుంటే స్పాంకీ ఆపొద్దన్నాడు. రికార్డులో ఆ తిప్పుడు 11 నిమిషాలు దాటి సాగుతుంది. సాహిత్యం లేదు, పల్లవీ చరణాలూ లేవు, చెప్పుకోదగ్గ రాగం లేదు. డ్రమ్స్ మీద నా గొంతు మారడం ఒక్కటే ఉంది.

ఇది యాదృచ్ఛికమే కదా అంటారు. వరుస యాదృచ్ఛికమే, ఒప్పుకుంటాను. బ్యాటరీ అయిపోయిన పెట్టెల్లో అలాంటి వరుసలు పుడుతుంటాయి. విన్నవాళ్లు మిషన్ పాడైందనుకుని చెరిపేయొచ్చు, లేదా తిరిగి షాపుకిచ్చేయొచ్చు. చెరపకుండా ఉంచడం ఒక నిర్ణయం. దాని మీద రాగం గానీ మాటలు గానీ వేయకుండా, నాబ్ కదలికనే పాటగా నిలబెట్టడం మరో నిర్ణయం. ఆ టేపును ‘మ్యూజిక్ బాక్స్’ క్లబ్బులో రికార్డులు వేసే రాన్ హార్డీ దగ్గరికి తీసుకెళ్లడం ఇంకొకటి. హార్డీ మొదటిసారి వేసినప్పుడు జనం నేల ఖాళీ చేసి వెళ్లిపోయారని, అతను అదే రాత్రి మళ్లీ మళ్లీ వేశాడని, నాలుగోసారికి అదే జనం ఊగిపోయారని పియర్ చాలాసార్లు చెప్పాడు. జనం లేచిపోయాక అదే పాటను మళ్లీ వేయడం ఏ లెక్కన పొరపాటు? నా అసలు ఉద్దేశం దెబ్బతిన్నా కికుమోతో డిజైన్‌ను అందరూ ఆవిష్కరణ అంటారు. అది న్యాయమే. చవకగా దొరికిన పెట్టెతో నల్లజాతి కుర్రాళ్లు తమ నిర్ణయాలతో కొత్త సంగీతాన్ని నిలబెడితే దాన్ని మాత్రం అదృష్టం అంటారు. నన్ను బాధపెట్టేది ఈ తేడాయే.

పియర్ కన్నా ముందే బొంబాయిలో ఒకాయన ఈ పని చేశాడు కదా అని అడిగేవాళ్లున్నారు. ఇది తోసిపుచ్చాల్సిన ప్రశ్న కాదు, ఆ పేరు నాకు గర్వకారణం. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జీత్ సింగ్ 1982లో నన్ను, టీఆర్-808 డ్రమ్ మిషన్‌ని, జూపిటర్-8 సింథసైజర్‌ని ముందు పెట్టుకుని ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అనే రికార్డు చేశారు. అందులో భైరవ్ ఉంది, దాన్ని మీరు మాయామాళవగౌళ అంటారు. భూపాలీ ఉంది, అది మీ మోహనం. మాల్‌కౌంస్ ఉంది, అది మీ హిందోళం. నాలోని స్లైడ్ స్వరాన్ని తెంపకుండా పక్క స్వరంలోకి జారుస్తుంది, రాగానికి అది అక్కరకొచ్చింది. రికార్డు అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ అచ్చు వేశాక లోకం విని నోరెళ్లబెట్టింది. ఆయన 2015లో కన్నుమూశారు, అంటే ఆ గౌరవం బతికుండగా అనుభవించింది ఐదేళ్లే. అయితే ఆయన రికార్డు అప్పట్లో షికాగో చేరిందనడానికి ఏ ఆధారమూ లేదు. ఆయన నన్ను రాగస్వరాల వెంట నడిపించారు, పియర్ స్వరాలను ఒకచోట కట్టేసి వాటి రంగు మార్చాడు. నా లోపలి సర్క్యూటు రెండుచోట్లా ఒకటే. దాని నుంచి ఇంత వేరువేరు సంగీతాలు వచ్చాయంటే తేడా ఎక్కడుంది? సింగ్ గారిని ముందు పెట్టి పియర్‌ను కొట్టేయడమూ, పియర్‌ను పెట్టి ఆయనను మర్చిపోవడమూ రెండూ అన్యాయమే. షికాగోలోనే 1986లో వచ్చిన స్లీజీ డీ రికార్డు ‘ఐవ్ లాస్ట్ కంట్రోల్’లోనూ నా గొంతుంది. దాని వెనకున్న మార్షల్ జెఫర్సనే తర్వాత ‘యాసిడ్ ట్రాక్స్’కు నిర్మాతగా నిలిచాడు. కాబట్టి పియర్ శూన్యంలోంచి తీశాడని నేనూ అనను. ఆ రికార్డులో అరుపుల వెనక నిలబడ్డ ధ్వనిని పియర్ ముందుకు తెచ్చి ఒంటరిగా నిలబెట్టాడు.

మత్తుమందును గుర్తుచేసే యాసిడ్ అనే పేరు చూసి ఇదంతా మత్తుమందుల సంగీతమని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. 1988లో ఇంగ్లండులో ఈ సంగీతం పాకినప్పుడు పత్రికలు ఆ కోణంలోనే గోల చేశాయి. క్లబ్బుల్లో మత్తు లేదని నేను బుకాయించను. కానీ అదే 1987 రికార్డు రెండోవైపు ‘యువర్ ఓన్లీ ఫ్రెండ్’ అనే పాట ఉంది. అందులో కొకైనే నోరు విప్పి తన బానిసతో మాట్లాడుతుంది, భయం పుట్టించేలా. వాళ్లు దేన్ని గురించి హెచ్చరిస్తున్నారో రికార్డు తిప్పి వింటే చాలు, తెలిసిపోతుంది.

నా వాదనకు అన్నిటికన్నా గట్టి ఆధారం పియర్ తర్వాతి జీవితం. గొప్పతనం నాదే అయితే నన్ను పక్కన పెట్టాక అతని పని చప్పబడాలి. అతను షికాగో వదిలి న్యూయార్క్ వైపు వెళ్లాడు. అక్కడ ‘వైల్డ్ పిచ్’ అని పేరుపడ్డ పద్ధతిని తీర్చిదిద్దాడు. ఫోటాన్ ఇన్‌కార్పొరేటెడ్ పేరుతో 1991లో చేసిన ‘జెనరేట్ పవర్’ దానికి మంచి ఉదాహరణ. ఒక చిన్న ధ్వని మొదలవుతుంది, దాని మీద ఇంకొకటి చేరుతుంది, ఆ పైన మరొకటి. ఏదీ తొందరపడదు, నిమిషాలు గడిచేకొద్దీ ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. దాని బలం నా కీచుగొంతు మీద ఆధారపడింది కాదు. అయినా ‘యాసిడ్ ట్రాక్స్’ వింటూ పెరిగిన చెవి ఆ చేతిని వెంటనే పోల్చుకుంటుంది. కొద్దిపాటి మార్పును ఓపిగ్గా, వినేవాడు కాదనలేనంతసేపు సాగదీయడం అతనిదే. నా దగ్గర చేసిందీ అదే, నేను లేకుండా చేసిందీ అదే.

తొంభైల నాటికి నా రాత మారింది. జర్మనీలో హార్డ్‌ఫ్లోర్, అమెరికాలో జాష్ వింక్ నా మీద హిట్లు కొట్టారు. ఫ్యాట్‌బాయ్ స్లిమ్ అయితే 1996లో పాట పేరులోనే నన్ను పెట్టాడు. ఒకప్పుడు ఎవరూ ముట్టని పెట్టెకు వేల డాలర్ల ధర పలికింది. ఇప్పుడు నన్ను కొనేవాళ్లలో కొందరు స్విచ్చయినా వెయ్యరు, ధర పెరుగుతుందని అద్దాల బీరువాలో పెడతారు. మూలన పడేసినవాడికీ వీళ్లకీ నా వరకు తేడా లేదు, నాబ్‌లు రెండుచోట్లా బిగుసుకుపోతాయి. రోలాండే 2014లో టీబీ-3, 2016లో టీబీ-03 అనే వారసులను తెచ్చింది. ఇంకా చవకైన నకళ్లు వచ్చాయి, సాఫ్ట్‌వేర్ వచ్చింది. సంగీతం నాలోనే ఉందనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి: నా గొంతు ఇన్ని లక్షల చేతుల్లోకి వెళ్లాక కూడా డీజేలు ఆ 1987 రికార్డునే ఎందుకు వెతుక్కుని వేస్తున్నారు? రాన్ హార్డీ 1992లో పోయాడు, స్పాంకీ 2016లో పోయాడు. పియర్ ఇంకా క్లబ్బుల్లో వాయిస్తున్నాడు. నా అమ్మకం ప్రకటనల్లో సీరియల్ నంబరు, ఒంటి మీది గీతలు, బ్యాటరీ రేకుల స్థితి అన్నీ పూసగుచ్చినట్టు రాస్తారు. నన్ను అంత విలువైనదాన్ని చేసిన ఫ్యూచర్ బృందం ముగ్గురి పేర్లు కూడా అక్కడే, ధరకన్నా ముందు రాయమని అడుగుతున్నాను.