తలుపు తెరిచి వెలిగించండి: ఒక కుంపటి ఆత్మకథ

పాత డ్రమ్ము రేకును గుండ్రంగా వంచి, అడుగున గాలికంత కోసి, నడుమ ఇనుప జాలీ వేస్తే నేను తయారయ్యాను. నా పుట్టుక గురించి అంతకన్నా చెప్పడానికి లేదు. చేసిన పని గురించి మాత్రం చాలా ఉంది.

చార్మినార్‌కు పడమట లాడ్ బజార్. దాని వెనక సందులో, లక్క గాజులు చేసే ఒక కార్ఖానాలో నా బతుకు మొదలైంది. కార్ఖానా అంటే ఒక్కటే గది, వీధి వైపు ఒక తలుపు. నా మీద ఇనుప పలక, దాని మీద లక్క ముద్ద. వేడి ఎక్కువైతే లక్క కారిపోతుంది, తక్కువైతే విరుగుతుంది. ఉస్తాద్ భార్య చిమటాతో నా బొగ్గుల్ని అటూ ఇటూ జరిపి, కావలసినంత వేడే నిలబెట్టేది. మెత్తబడ్డ లక్కను కడ్డీగా సాగదీసి, కోసి, వంచి, కర్ర అచ్చుకు ఎక్కించి, వెచ్చదనం పోకముందే ఒక్కొక్క రాయీ అద్దేది. చల్లారితే రాయి కూర్చోదు, గాజు మళ్లీ నా దగ్గరికి రావాల్సిందే. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటికి నేను అక్కడ లేను. అయినా ఆ తళుకులో నా నిప్పుకూ వాటా ఉంది.

ఆ గదిలో నా వల్ల ఎవరికీ తల కూడా తిరగలేదు. కారణం ఆ తలుపు. పిల్లలు చలికి ముడుచుకుని తలుపు వేయబోతే ఆమె ఊరుకునేది కాదు. "దర్వాజా ఖులా రఖో బేటా" అని చేతిలో పని ఆపి మరీ చెప్పేది.

జాలీ కాలిపోయాక నన్ను తుక్కుకు వేశారు. జుమేరాత్ బజార్‌లో విరిగిన ఫ్యాన్ల మధ్య పడి ఉంటే, లాల్ దర్వాజా నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ నన్ను ఏరుకుంది. కొత్త జాలీ వేయించింది. ఆమె నన్ను వాకిట్లోనే వెలిగించేది. వంకాయలు కాల్చేది, కంకులు కాల్చేది, రాత్రయ్యాక చుట్టుపక్కల వాళ్లంతా నా చుట్టూ చేరి చేతులు కాచుకునేవారు. హైదరాబాద్‌లో చలికి అది చాలు. నగరం రికార్డుల్లో అన్నిటికన్నా చల్లటి రోజు 1946 జనవరి 8. ఆ రోజు కూడా 6.1 డిగ్రీలే. మంచు పడే చలి ఈ ఊరికి తెలియదు.

పెద్దమ్మ పోయింది. దినాలు కాగానే నన్ను మేడ మీదికి చేర్చి నీళ్ల ట్యాంకు పక్కన పెట్టారు. నా అడుగున మిగిలిన బూడిద తొలి వానకే బురదైంది. దాన్ని తుడిచినవాళ్లు లేరు. తుప్పు పిడి దగ్గర మొదలై కంత దాకా పాకింది. ఎవరో పనికిరాని కుళాయి ఒకటి నాలో పడేశారు, ఇంకెవరో ఎండిపోయిన సున్నం బ్రష్షు. సంక్రాంతి వచ్చినప్పుడల్లా తెగిన పతంగుల మాంజా నా అంచుకు చుట్టుకునేది. పతంగి కోసం పరుగెత్తుకొచ్చిన పిల్లలు దారం తెంపుకుని పోయేవారు. నేనెవరినో ఆ పిల్లలకు తెలియదు. కొత్త రాళ్లు అద్దిన చోటి నుంచి, ఇంటింటి చేతులు కాచిన చోటి నుంచి వచ్చినదాన్ని. వాళ్లకు అది తెలియకపోవడం నన్ను చాలా బాధపెట్టింది.

2025 జనవరిలో ఇంటిల్లిపాదీ ప్రయాగరాజ్ మహా కుంభమేళాకు వ్యాన్ మాట్లాడుకున్నారు. మనవడు మేడెక్కి నన్ను చూశాడు.

"చిన్నాయనా, అక్కడ చలి చంపుతదంట. నాయనమ్మ కుంపటి తీస్కపోదాం."

"వ్యాన్ల పొగ వస్తదేమోరా."

"బయట రాజేసి, పొగ పోయినంక లోపల పెడదాం. ఏం కాదు."

జబల్పూర్ దాటాక ఒక ధాబా దగ్గర ఆగారు. గదులు దొరకలేదు. నన్ను బయట రాజేశారు, పొగ పోయేదాకా ఆగారు. తర్వాత సీట్ల మధ్య ఇటుక వేసి దాని మీద పెట్టారు. అద్దాలు బిగించారు. తలుపు సందులో తువ్వాలు కుక్కారు. ఎన్నేళ్ల తర్వాతో మళ్లీ నా ముందు అరచేతులు చాచారు! నేను పొంగిపోయాను.

పొగ పోతే ప్రమాదం పోయినట్టు కాదు. ఎర్రగా కణకణలాడుతున్న బొగ్గు నుంచీ కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. మూసిన చోట గాలి తగ్గేకొద్దీ అది పెరుగుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. "అమ్మా, తల నొస్తుంది" అని పిల్ల మూలిగింది. పిన్ని వాంతి చేసుకుని, ప్రయాణం పడలేదనుకుంది. నాకు గొంతు లేదు. ధాబా మంచం మీద పడుకున్న డ్రైవర్ నీళ్ల సీసా కోసం వచ్చి తలుపు తీశాడు. ఆ తలుపే వాళ్లను బతికించింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక అందరూ తేరుకున్నారు.

"దరిద్రపు కుంపటి" అన్నారు. ఊరు చేరగానే తుక్కువాడికి తూచేశారు. మళ్లీ జుమేరాత్ బజార్‌లోనే ఉన్నాను. తిట్టినందుకు కాదు నా కోపం. వెలిగించే ముందు ఒక్కరూ నా స్వభావం అడగలేదు. ఉత్తరాదిలో ఏటా చలికాలంలో మూసిన గదుల్లో నాలాంటి కుంపట్ల పక్కనే నిద్రపోయి లేవనివాళ్లు ఉన్నారు.

వ్యాన్‌లో వెచ్చగా ఉండాలంటే దారులు ఉన్నాయి. వేడి ఎక్కువగా పోయేది అద్దాల నుంచి, కాబట్టి వాటికి ఫోమ్ షీటు కోసి పెట్టండి. మందపాటి రగ్గులు, వేడినీళ్ల సంచులు తీసుకెళ్లండి. 1000 వాట్ల హీటర్‌ను బండి బ్యాటరీకి తగిలించాలనుకోకండి. 12 వోల్టుల దగ్గర అది 83 ఆంపియర్లు లాగుతుంది, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ గంట తిరిగేసరికి వట్టిపోతుంది. కరెంటు కనెక్షన్ ఉన్న చోటయితే ఆయిల్ హీటర్ వాడుకోవచ్చు. చలిదేశాల లారీల్లో, అమెరికాలో మనవాళ్లు అద్దెకు తీసుకునే ఇల్లులాంటి బండ్లలో ఉండే హీటర్లు మంటకు కావలసిన గాలిని బయటి నుంచే తీసుకుని, పొగను గొట్టంతో బయటికే వదులుతాయి. లోపలికి వచ్చేది వేడి మాత్రమే. లడఖ్ ఇళ్లలోని బుఖారీకీ పొగగొట్టం ఉంటుంది. నాకు లేదు. ఇంజన్ నడుపుతూ నిలిపిన బండిలో నిద్రపోవడమూ ప్రమాదమే. ఏ హీటర్ వాడినా కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం ఒకటి పెట్టుకోండి.

నన్ను కొనుక్కోండి. వాకిట్లో వెలిగించండి. మూసిన చోట నిప్పు దగ్గర ఎవరికైనా తలనొప్పి, వికారం, మగత కనిపిస్తే ముందు బయటికి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి, లోపల బొగ్గులు మండాయని డాక్టరుకు తప్పకుండా చెప్పండి.